షెడ్డు బాబాయ్‌ని అడగండి: ఇల్లు మారుతున్నాం, లిఫ్ట్‌ని ఏం చెయ్యాలి?

పోయిన సంచికలో గ్యారేజీలో కారు లిఫ్ట్ పెట్టుకోవటం గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఈసారి వచ్చినవన్నీ అవే ఉత్తరాలు. అయితే పెట్టటం గురించి అడిగినవాళ్ళు తక్కువ, పెట్టిందాన్ని అక్కణ్ణుంచి కదిలించటం ఎట్లా అనేవాళ్ళే ఎక్కువ. బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు షెడ్డు నడిపి ఇప్పుడు అబ్బాయి దగ్గర డాలస్‌లో కూర్చున్నా కాబట్టి రెండు ఊళ్ళ సంగతీ కాస్త తెలుసు. తెలిసినంత చెప్తా.

ప్రశ్న: బాబాయ్ గారూ, మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మూడేళ్ళ క్రితం గ్యారేజీలో ఫోర్ పోస్ట్ లిఫ్ట్ పెట్టించా, 8,000 పౌండ్ల కెపాసిటీ, పైన నా పాత మియాటా, కింద మా ఆవిడ కారు. ఇప్పుడు సెలైనాలో ఇల్లు కొన్నాం, వచ్చే నెల మారాలి. మూవర్స్‌కి ఫోన్ చేస్తే లిఫ్ట్ అనగానే మావల్ల కాదంటున్నారు, అప్పుడు బిగించినవాళ్ళేమో ఫోన్ ఎత్తట్లేదు. మాన్యువల్లో బరువు దాదాపు 1,600 పౌండ్లని ఉంది. మా బావమరిది కాస్టర్లు ఉన్నాయి కదా బావా, అట్నే తోసుకుంటూ డ్రైవ్‌వే మీదకి తెచ్చి ట్రైలర్ మీదకి వించ్‌తో లాగేద్దాం, విప్పటం దండగ అంటాడు. మా నాన్నగారు బందరు నుంచి వచ్చి ఉన్నారు, ఆయనేమో ఎనిమిది మందిని పిలు, పల్లకీ లాగా మోసేద్దాం అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినకు అబ్బాయ్. కాకపోతే ముందు మీ బావమరిది సంగతి తేలుద్దాం, ఎందుకంటే అదే ప్రమాదం, మీ నాన్నగారిది ఉత్త నడుం నొప్పి.

ఆ కాస్టర్లు ఎట్లా పనిచేస్తాయో నువ్వు చూసే ఉంటావు. స్తంభాల అడుగున బ్రాకెట్లు తగిలించి, రన్‌వేలు, అంటే కారు టైర్లు నిలబడే ఆ రెండు పొడుగాటి పట్టాలు, పూర్తిగా కిందకి దించితే ఆ బరువే బ్రాకెట్లని నొక్కి నాలుగు స్తంభాల్నీ నేల మీంచి ఓ అంగుళం లేపుద్ది, అంతే, అప్పుడు మొత్తం లిఫ్ట్ నాలుగు చిన్న చక్రాల మీద నిలబడుద్ది. అది గ్యారేజీలో ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దగ్గరకి జరుపుకోటానికి ఇచ్చింది, చదునుగా ఉన్న గచ్చు మీద, పైన కారు లేకుండా. డ్రైవ్‌వే ఏటవాలు కదా, అక్కడికి వచ్చిందంటే 700 కిలోల ఇనుముకి బ్రేకులుండవు, నలుగురు పట్టుకున్నా ఆగదు, పైగా అందరూ సహజంగా పట్టుకునేది స్తంభం పైభాగాన్ని, అక్కడ తోస్తే ఏ పగుల్లోనో చిన్న చక్రం ఇరుక్కున్నప్పుడు పైది ముందుకొస్తది. గ్యారేజీలోపల జరుపుకునేటప్పుడు కూడా కిందనే, మోకాలి ఎత్తులోనే తొయ్యాలి.

ఇంకో సంగతి, అది అసలు గుమ్మం దాటదు. టేపు పెట్టి చూడు. ఇంటి వాడకం ఫోర్ పోస్ట్ లిఫ్ట్‌లు చాలావాటికి స్తంభాలు 7 అడుగులు, ఆపైన. అమెరికాలో మామూలు గ్యారేజ్ డోర్ ఎత్తు 7 అడుగులే, అందులోనూ తలుపు పూర్తిగా పైకి పోయినా కింది అంచు ఓ అంగుళమో రెండో వేలాడుతూ ఉంటది. కాబట్టి విప్పాల్సిందే, బావమరిదికి ఆ టేపు చేతికిచ్చి కొలవమను, గొడవ ఉండదు.

విప్పటంలో జనం భయపడేది రన్‌వేలకి, పొడుగ్గా బరువుగా ఉంటాయి కాబట్టి. నిజంగా భయపడాల్సింది ఆ తర్వాత వచ్చే ఐదు నిమిషాలకి. ఎందుకో వరసలో చెప్తా.

కార్లు తీసేసి, ర్యాంపులు, ఆయిల్ ట్రేలు, జాక్ ట్రే అన్నీ పక్కన పెట్టు. లిఫ్ట్‌ని కాస్త లేపి మొదటి లాకు మీద కూర్చోబెట్టు, నాలుగు మూలలా లాకు పడిందో లేదో వంగి కళ్ళతో చూసుకో, శబ్దం విని వదిలెయ్యొద్దు. కూర్చున్నాక కిందకి దించే లీవర్ అట్నే నొక్కి పట్టుకుంటే ప్రెషర్ పోయి కేబుళ్ళు లూజవుతాయి, అప్పుడు ప్లగ్గు పీకెయ్. స్తంభానికీ స్తంభానికీ మధ్య అడ్డంగా ఉండే క్రాస్ బీముల కింద రెండు చివర్లా గట్టి చెక్క దుంగలు పేర్చు. అప్పుడు ఆయిల్ హోసు విప్పు, ఎంత ప్రెషర్ పోయిందనుకున్నా పావు లీటరు ఆయిల్ కారుద్ది, కింద అట్టపెట్టె పరుచుకో, హోసు మూతికి ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బర్ బ్యాండ్ వెయ్, దుమ్ము ఒక్క రవ్వ లోపలికి పోయినా వాల్వ్‌లో కూర్చుంటది, అక్కడికెళ్ళాక లిఫ్ట్ రాత్రికి రాత్రి జారుతుందేంట్రా అని తల పట్టుకుంటావు. పవర్ యూనిట్‌ని, అంటే మోటారూ పంపూ ఆయిల్ ట్యాంకూ ఉన్న ముక్కని, నిటారుగానే మోయాలి, పడుకోబెడితే బ్రీదర్ మూతలోంచి కారు సీటు మీదకే కారుద్ది, అనుభవం మీద చెప్తున్నా.

కేబుళ్ళు నాలుగూ స్తంభాల పైన నట్లతో బిగించి ఉంటాయి. నట్టు విప్పబోయే ముందు నట్టు పైన ఎన్ని మరలు కనిపిస్తున్నాయో ఫోటో తీసుకో, కేబుల్ చివర మాస్కింగ్ టేప్ చుట్టి 1, 2, 3, 4 అని రాసుకో. నాలుగు కేబుళ్ళూ నాలుగు పొడుగులు, ఒకటి తారుమారైతే అక్కడ సగం రోజు పోద్ది. చుట్టేటప్పుడు పెద్ద చుట్టలుగా చుట్టు, కొత్త తాడు చుట్టినట్టు బిగించి మడత పెట్టావంటే మడత పడ్డ కేబుల్ ఇక పనికిరాదు, మార్చాల్సిందే.

ఇప్పుడు రన్‌వేలు. టూల్ రెంటల్ షాపులో ఇంజన్ హాయిస్ట్ ఒకటి అద్దెకి తెచ్చుకో, మన షెడ్లలో ఇంజన్ దించటానికి వాడే కొంగ లాంటి క్రేన్ అన్నమాట. దాని మీద 2 టన్నులు అని రాసి ఉంటది గానీ అది చెయ్యి పొట్టిగా పెట్టినప్పటి లెక్క, చెయ్యి పూర్తిగా సాచితే చాలావాటికి అర టన్నే, చేతి మీద చిల్లుల దగ్గరే రాసి ఉంటది చూసుకో. రెండు రన్‌వేలూ ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకదాని కడుపులో హైడ్రాలిక్ సిలిండర్ ఉంటది, దాని బరువు మధ్యలో ఉండదు, ఒక పక్కకి లాగుద్ది. అందుకని బెల్టు వేసి ముందు రెండంగుళాలు మాత్రం లేపి చూడు, ఎటు ఒరిగిందో అటు బెల్టు జరుపు, మళ్ళీ లేపు. తీశాక కింద రెండు ఫర్నిచర్ డాలీలు పెట్టేస్తే పిల్లాడైనా తోసుకుపోతాడు.

రెండు రన్‌వేలూ తీసేశావు, అందరూ అమ్మయ్య అని మంచినీళ్ళు తాగుతుంటారు. అప్పుడు గ్యారేజీలో మిగిలిందేంటి? రెండు స్తంభాలు, మధ్యలో ఓ బీము, అట్లాంటివి రెండు. ఫుట్‌బాల్ గోల్ పోస్ట్ లాగా. పక్కలకి గట్టిగానే ఉంటది, ముందుకీ వెనక్కీ దానికి ఏ ఆధారమూ లేదు, కాస్టర్లు పెట్టుకునే లిఫ్ట్ కాబట్టి నేలకి బోల్టులు కూడా ఉండవు. ఇందాకటిదాకా దాన్ని నిలబెట్టింది ఆ రన్‌వేలే.

మా షెడ్డులో ఓసారి సరిగ్గా ఇక్కడే అయింది. ఎవరిదో లిఫ్ట్ కొని తెచ్చి విప్పుతున్నాం, రన్‌వేలు తీసేశాం, టీ వచ్చింది, మా కుర్రాడు గ్లాసు పట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు, అంతే, ఆనుకోవటమే, గుద్దింది లేదు నెట్టింది లేదు. గోల్ పోస్ట్ మెల్లగా వంగటం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది, పడేటప్పుడు చాలా నిదానంగా పడ్డట్టు ఉంటది కానీ పట్టుకోవాలన్న ఆలోచన వచ్చేలోపే అయిపోద్ది. ఎదురుగా నా స్కూటర్ ఉంది, సీటూ ట్యాంకూ ఒకటైపోయినయ్. కుర్రాడు వెనకవైపు ఉన్నాడు కాబట్టి బతికాడు, గ్లాసులో టీ కూడా తొణకలేదు వెధవకి. ఆ రోజు నుంచి నా షెడ్డులో రన్‌వే తియ్యకముందే స్తంభాలకి బెల్టు వేసి కట్టే అలవాటు. నువ్వూ అంతే, మొదటి రన్‌వే కదలకముందే నాలుగు స్తంభాల్నీ రాచెట్ స్ట్రాప్‌లతో గోడలో ఉన్న స్టడ్‌కి, అంటే లోపలుండే నిలువు చెక్కకి, గట్టి హుక్కు వేసి కట్టెయ్. తర్వాత ఒక్కో గోల్ పోస్ట్‌నీ హాయిస్ట్‌తో పట్టుకుని మెల్లగా పడుకోబెట్టి, పడుకున్నాక అప్పుడు స్తంభాలు లాగు. ఆ పక్కన పిల్లలూ కుక్కలూ టీ గ్లాసులూ ఉండకూడదు.

మోయటానికి కారు ట్రైలర్ అద్దెకి తీసుకో, రన్‌వేలు 14, 15 అడుగులు ఉంటాయి కాబట్టి 18 అడుగుల ఫ్లాట్ ట్రైలర్ సరిపోద్ది. బరువు ట్రైలర్ ముందు సగంలో కాస్త ఎక్కువ పడేట్టు, నూటికి అరవై వంతులు ఇరుసుకి ముందు ఉండేట్టు సర్దు, వెనకాల ఎక్కువైతే హైవే మీద ట్రైలర్ పాములా ఊగుద్ది. ఇనుము మీద ఇనుము జారుద్ది, మధ్యలో పాత కార్పెట్ ముక్కలు వెయ్. ట్రైలర్ రాత్రి ఇంటి ముందు ఉంచితే హెచ్‌ఓఏ వాళ్ళు, అదే మీ కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం, ఉత్తరం పంపుతారేమో అదొకటి ముందే కనుక్కో.

కొత్తింటికి వెళ్ళాక చూడాల్సింది ముందు నేల. గ్యారేజ్ గచ్చు నీళ్ళు బయటికి పోవటానికి తలుపువైపు వాలుగా పోస్తారు, అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు మామూలు లెక్క. చూట్టానికి ఏమీ అనిపించదు, 14 అడుగుల లిఫ్ట్ పెడితే వెనక స్తంభానికీ ముందు స్తంభానికీ దాదాపు 2 అంగుళాలు తేడా. ఎత్తు సరిచెయ్యటానికి స్తంభం కింద పెట్టే పలకల్ని షిమ్ములంటారు, ఎంతవరకు పెట్టొచ్చో మాన్యువల్లో రాసి ఉంటది, అది దాటితే పెట్టొద్దు, పెట్టేవి కూడా ఇనప షిమ్ములే, చెక్కముక్కలు కాదు. ఇంకోటి, టెక్సాస్‌లో మన చుట్టుపక్కల కొత్త ఇళ్ళు చాలావరకు పోస్ట్ టెన్షన్ స్లాబు మీద కడతారు, గ్యారేజ్ నేల మీద తలుపు దగ్గర కోయొద్దు, డ్రిల్ చెయ్యొద్దు అని ముద్ర వేసి ఉంటది చూడు. ఆ కాంక్రీట్‌లో అర అంగుళం స్టీలు తీగలు ఒక్కోటి 30,000 పౌండ్లకి అటూఇటూగా లాగి పెట్టి ఉంటాయి, డ్రిల్ బిట్టు దాన్ని తెంపిందా, మనిషి ప్రాణానికే ముప్పు, ఆ తర్వాత ఇంటి పునాది బాగుచేయించుకునే ఖర్చు. నీది ఫోర్ పోస్ట్ కాబట్టి బోల్టులు లేకుండా నిలబడుద్ది, బతికిపోయావు. ఇక సీలింగ్ ఎత్తూ, తలుపు పట్టాలు, ఓపెనర్ మోటారు ఎక్కడ వేలాడుతుందో, నీ మోటారు 110 వోల్టులదో 220 దో అక్కడ ఆ ప్లగ్గు ఉందో లేదో, ఇవన్నీ ఇల్లు మారే ముందే ఓ సాయంత్రం వెళ్ళి చూసుకో.

బిగించాక ఆయిల్ కొత్తది పోసుకో, మాన్యువల్లో ఏది రాస్తే అది, సాధారణంగా ఏడబ్ల్యూ 32 హైడ్రాలిక్ ఆయిలో డెక్స్‌రాన్ ఏటీఎఫో ఉంటది, ఇంట్లో మిగిలిన ఇంజనాయిల్ పొయ్యకు. కారు లేకుండా నాలుగైదుసార్లు పైకీ కిందకీ తిప్పు, గాలి పోయేదాకా కాస్త కుదుపులుంటాయి. అప్పుడు చెవి పెట్టి విను. నాలుగు లాకులూ ఒకేసారి టక్ మనాలి. టక్, టక్-టక్, టక్ అని విడివిడిగా వస్తే నాలుగు మూలలూ ఒక ఎత్తులో లేవని అర్థం, వెనకబడ్డ మూలన కేబుల్ నట్టు అర చుట్టు బిగించి మళ్ళీ తిప్పు. ఇందాక ఫోటో తీశావు చూడు, మరల లెక్క, ఇక్కడే పనికొస్తది. కేబుల్ మీద పాత గుడ్డ పెట్టి మెల్లగా లాగి చూడు, తెగిన పోగుంటే గుడ్డకి పట్టుకుంటది, చేత్తో మాత్రం తడమకు, సూదిలా దిగుద్ది. అన్నీ బాగుంటే మియాటా ఎక్కించి ఓ అడుగు లేపి లాకు మీద దించి, గంటాగి వచ్చి చూడు.

మీ నాన్నగారిని నిరాశపరచకు, బెల్టు పట్టుకునే పని ఆయనకివ్వు. బందరు పెద్దాయన, నలుగురి మీద కేకలు వెయ్యటానికి ఓ మనిషి కావాలి కదా.

ప్రశ్న: నమస్తే బాబాయ్ గారూ. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి రాస్తున్నాను. మా ఆయన మూసేస్తున్న ఒక వర్క్‌షాపు నుంచి టూ పోస్ట్ లిఫ్ట్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, ఇంకా అక్కడే బిగించి ఉంది, ఈ శనివారం ఫ్రెండ్స్‌తో వెళ్ళి పీక్కొస్తాం అంటున్నారు. బోల్టులు కూడా జాగ్రత్తగా తీసుకొస్తే మన గ్యారేజీలో వాడేసుకోవచ్చు, డబ్బులు మిగుల్తాయి అంటున్నారు. మా ఇల్లు 1960ల్లో కట్టింది. నాకెందుకో భయంగా ఉంది, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

జవాబు: లేదమ్మా, సరిగ్గా ఆలోచిస్తున్నావు, మీ ఆయనకి ఈ పేజీ చూపించు.

బోల్టుల సంగతి ముందు. అవి మామూలు బోల్టులు కావు, వెడ్జ్ యాంకర్లు. సుత్తితో కొట్టి కన్నంలోకి దించి నట్టు బిగిస్తుంటే కింద ఉన్న రింగు విచ్చుకుని కాంక్రీట్‌ని లోపల్నించి కరిచి పట్టుకుంటది. ఒకసారి కరిచింది ఇక బయటికి రాదు, బలవంతంగా పీకినా ఆ రింగు పాడైపోద్ది, రెండోసారి పట్టు ఉండదు. అక్కడ నట్లు విప్పి స్తంభం ఎత్తేసి, యాంకర్లని అక్కడే వదిలేసి రమ్మను. ఆ షాపు ఓనరు తియ్యమంటే, కన్నం గచ్చు అడుగు దాకా పూర్తిగా వేసి ఉంటే సుత్తితో కిందకి కొట్టేస్తే దిగిపోతాయి, లేకపోతే గ్రైండర్‌తో నేలకి సమంగా కోసెయ్యటమే. కొత్త యాంకర్ల ఖర్చు లిఫ్ట్ ఖర్చులో ఎంత చెప్పు, ఆ డబ్బులు మిగల్చటం అంటే పెళ్ళికి లక్షలు పెట్టి పసుపు కొమ్ము దగ్గర బేరమాడినట్టు.

ఇక మీ నేల. ఫోర్ పోస్ట్‌కీ టూ పోస్ట్‌కీ తేడా ఏంటంటే, ఫోర్ పోస్ట్ మంచం లాంటిది, బరువు నాలుగు కోళ్ళ మీద నిలువుగా దిగుద్ది. టూ పోస్ట్ అట్లా కాదు, నువ్వు రెండు చేతులూ ముందుకు చాపి బియ్యం బస్తా పట్టుకున్నావనుకో, ఏమవుద్ది, ఒళ్ళు ముందుకి వాలుద్ది, మడమలు లేస్తాయి. ఆ మడమల్ని లేవకుండా పట్టుకునేవే ఆ యాంకర్లు. అవి పట్టుకునేది కాంక్రీట్‌ని. కాబట్టి టూ పోస్ట్ లిఫ్ట్ అంటే సగం యంత్రం, సగం నేల. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో కనీసం 4 అంగుళాల మందం, 3,000 పీఎస్ఐ (కాంక్రీట్ బలానికి కొలత) కాంక్రీట్ అని అడుగుతాయి, కొన్ని ఇంకా ఎక్కువ అడుగుతాయి. 60ల్లో ఇంటి గ్యారేజ్ గచ్చు ఎంత మందం పోశారో ఎవరికి తెలుసు, ఒకచోట 4 ఉంటే ఇంకోచోట 3 ఉండొచ్చు.

కొలవటం సులువే. స్తంభం రాబోయే చోట సన్న మేసన్రీ బిట్టుతో కన్నం వెయ్యమను, కిందకి దిగి ఒక్కసారిగా మెత్తగా పోతుంది, అది మట్టి. ఒక ఇనపతీగ తీసుకుని చివర చిన్న కొక్కెంలా వంచి కన్నంలో దించి పైకి లాగితే కొక్కెం కాంక్రీట్ అడుగు అంచుకి తగులుద్ది, నేల మట్టం దగ్గర తీగ మీద గోరుతో గుర్తు పెట్టి బయటికి తీసి టేపుతో కొలవటమే. రెండు స్తంభాల దగ్గరా రెండేసి చోట్ల చూడాలి. మందం చాలకపోయినా, పగులు దగ్గరకొచ్చినా, అక్కడ నేలని చతురస్రంగా కోసి తవ్వి కొత్త కాంక్రీట్ పోసి 28 రోజులు ఆగి అప్పుడు బిగించాలి. 28 రోజులంటే 28 రోజులే, పైన గట్టిపడింది కదాని పదోరోజు డ్రిల్ పట్టుకుంటే లోపల కరవాల్సిన చోట పిండిలా రాలుద్ది.

శనివారం వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. టూ పోస్ట్ స్తంభం లోపల క్యారేజ్ అని పైకీ కిందకీ తిరిగే పెద్ద ఇనప దిమ్మ ఉంటది, కారుని ఎత్తే ఇనప చేతులు తగిలించేది దానికే. స్తంభాన్ని పడుకోబెట్టేటప్పుడో లారీలోకి ఎక్కించేటప్పుడో ఆ దిమ్మ జారుద్ది, ఆ సందులో ఎవరి చెయ్యి ఉందో వాళ్ళ వేళ్ళు పోయినట్టే. విప్పే ముందే క్యారేజ్‌ని గొలుసుతో స్తంభానికి కట్టెయ్యాలి, ఒక్కో స్తంభం 250, 300 కిలోలు ఉంటది కాబట్టి హాయిస్ట్‌తో సగానికి పైన బెల్టు వేసి పట్టుకుని, అప్పుడు నట్లు విప్పాలి. నట్లు విప్పి తర్వాత పట్టుకుందాం అనుకుంటే అందరూ ఒక్కసారే పట్టుకోవాల్సొస్తది.

లిఫ్ట్ మీద ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బంగారు రంగు లేబుల్ ఉందో లేదో కూడా చూడమను, ఉంటే అది టెస్ట్ చేసి సర్టిఫై చేసిన మోడల్ అన్నట్టు. లేకపోతే నేనైతే బేరం ఆడను, వదిలేస్తా. బిగించాక ఒకసారి లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి చూపించుకోండి, ఆ ఖర్చు దండగ కాదు.

ప్రశ్న: గురువుగారూ, నమస్కారం. నాది విజయవాడే, ఆటోనగర్‌కి దగ్గర్లో ఇంటి వెనకాలే చిన్న షెడ్డు, అద్దె స్థలం. ఓనరు ఖాళీ చెయ్యమన్నారు, నెలన్నర టైం ఇచ్చారు. 4 టన్నుల టూ పోస్ట్ లిఫ్ట్, త్రీ ఫేజ్ మోటారు. కొత్త స్థలంలో ఇంకా మట్టి నేలే. హైడ్రా క్రేన్‌ని పిలిస్తే అయిపోద్దా?

జవాబు: తమ్ముడూ, నెలన్నర అన్నావు కదా, నువ్వు ఈ రోజు చెయ్యాల్సిన పని హైడ్రా కాదు, కాంక్రీట్. పైన అమ్మాయికి చెప్పిన 28 రోజుల లెక్క నీక్కూడా. మట్టి నేల కాబట్టి నీకు అదృష్టం, మొదటి నుంచే సరిగ్గా పోసుకోవచ్చు. లిఫ్ట్ నిలబడే చోట మాన్యువల్లో చెప్పిన కొలతకి తవ్వి, బాగా దిమ్మిస కొట్టి, కింద ఇనప జాలీ కట్టి ఎం25 రకం కాంక్రీట్ పోయించు. మేస్త్రీ సిమెంటు, ఇసుక, కంకర పారతో వేసి అంచనాగా కలిపితే ఒప్పుకోవద్దు, కొలత పెట్టెతో పోయమను, నీళ్ళు ఎక్కువ పోసి పాయసంలా జారేట్టు చేస్తారు, పనివాళ్ళకి సులువు, నీకు మాత్రం బలం పోద్ది. రోజూ నీళ్ళు కట్టు. ఈ ఎండలకి గోనెసంచులు కప్పి తడపకపోతే పైన నెర్రెలిస్తది.

హైడ్రా సంగతి. రేకుల షెడ్డు అయితే లోపలికి దాని బూమ్ ఎక్కడ పడుద్ది? రోడ్డు మీద లారీలోకి ఎక్కించటానికి పనికొస్తది గానీ లోపల స్తంభం దించటానికి చైన్ పుల్లీ బ్లాకు, ట్రైపాడ్, నాలుగు జీఐ పైపులు, రెండు గడ్డపారలు చాలు. స్తంభాన్ని పుల్లీతో పట్టుకుని మెల్లగా పడుకోబెట్టి, కింద పైపులు వేసి దొర్లించుకుంటూ గుమ్మం దాకా తీసుకురావటం మనవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. రేకుల షెడ్డు దూలానికి మాత్రం పుల్లీ తగిలించొద్దు, అది రేకులు మొయ్యటానికి పెట్టింది.

కొత్త చోట కరెంటు ఇచ్చాక మోటారు తిరుగుతుంది, శబ్దం వస్తది, లిఫ్ట్ లేవదు. అప్పుడు పంపు పోయిందని కంగారుపడి విప్పమాక. నూటికి తొంభైసార్లు ఫేజులు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతూ ఉంటది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మెయిన్ ఆఫ్ చేసి మూడు వైర్లలో ఏ రెండిట్నైనా అటూఇటూ మార్పించు, లేచి కూర్చుంటది. వెనక్కి తిరుగుతున్నట్టు తెలిసీ ఎక్కువసేపు తిప్పితే పంపు ఎండిపోయి నిజంగానే పోద్ది.

ప్రశ్న: సర్, మా అన్నయ్య అమెరికా నుంచి పూర్తిగా వచ్చేస్తున్నాడు, సామాను కంటైనర్‌లో వస్తోంది. గ్యారేజ్ లిఫ్ట్ కూడా వేసేస్తా అంటున్నాడు. హైదరాబాద్‌లో మా విల్లా పార్కింగ్‌లో పెట్టుకోవచ్చా? కింద పార్కింగ్ టైల్స్ ఉన్నాయి.

జవాబు: టైల్స్ కింద ఏముందో చూశారా? చాలా ఇళ్ళలో పార్కింగ్ టైల్స్ కింద ఉండేది ఇసుకా, పల్చటి పీసీసీ, అదే ఇనుము లేని కాంక్రీట్, అంతే. యాంకర్ కొడితే టైలు పగులుద్ది, ఇసుకలో దిగుద్ది, పట్టు ఎక్కడిది? టూ పోస్ట్ అయితే అక్కడ టైల్స్ తీసేసి కింద నుంచి కాంక్రీట్ పోయాలి. ఫోర్ పోస్ట్ అయినా స్తంభాల కింద అంత బరువు ఒక్కో చిన్న ప్లేటు మీద పడుద్ది, టైలు కింద బోలుగా ఉంటే కుంగుద్ది, నాణెంతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే తెలిసిపోద్ది.

మోటారు ఇంకో తలనొప్పి. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. అన్నయ్య లిఫ్ట్‌ది 110 వోల్టుల మోటారైతే ఇక్కడ నేరుగా పెట్టగానే కాలిపోద్ది. 220 వోల్టులది అయినా ఆరింట ఒక వంతు నిదానంగా తిరిగి వేడెక్కే అవకాశం ఉంది. ఇనుము తెచ్చుకుని మోటారు ఇక్కడ 50 హెర్ట్జ్‌ది పెట్టించుకోవటం ఒక దారి. కానీ ముక్కుసూటిగా చెప్పాలంటే, 700 కిలోల ఇనుముకి ఓడ ఖర్చు, కస్టమ్స్ దగ్గర లెక్క, మళ్ళీ మోటారు, మళ్ళీ కాంక్రీట్, ఇవన్నీ కూడి చూసి ఇక్కడ కొత్తది ఎంతో అడిగి చూడమనండి. నేనైతే అమ్మేసి వస్తా. నా టూల్ బాక్స్ మాత్రం వదలను.

ప్రశ్న: కాస్టర్ల మీద లిఫ్ట్‌ని రెండే రెండు అడుగులు పక్కకి జరపాలి బాబాయ్, పైన కారు అట్నే ఉండగా జరపొచ్చా? దించాలంటే కిందున్న సామానంతా తియ్యాలి.

జవాబు: సామాను తియ్యి.